తాలు

ఎనుమాముల మార్కెట్ల
పదకొండేండ్ల సంది మిర్చి ఏరుతున్న.
నా వేళ్లకు తెల్వని ఎరుపు లేదు.
తేజ ఎరుపు వేరు, చపాట ఎరుపు వేరు,
మంచుకు తడిసిన బస్తా అడుగున
నల్లగ మారిన ఎరుపు వేరు.
రంగు పోయినదాన్ని తాలు అంటరు.
ఏరి పక్కకు కుప్ప పోస్త.
దానికి సగం ధర గూడ పలుకది.

బతుకమ్మ ముందర
రంగశాయిపేట మూల మీద
సైకిల్ ఆపి ఐలయ్య చూపిచ్చిండు:
"గుత్తి గులాబి అక్కా, ఒక్క కాడకు పది పూలు."
నూటయాభై అన్నడు. తొంభైకి ఇచ్చిండు.
చీటీ మీద పేరు తడిసి అలుక్కపోయింది,
ఏదో ఇంగిలీషు పేరట.
పోతే పోనీ.

సున్నం డబ్బాకు మేకుతోని బొక్కలు,
ఎర్రమట్టి, మేకల ఎరువు,
కౌసర్ ఆపా దాచిపెట్టిన చాయ్‌పత్త పిప్పి.
అంటు కట్టిన కాడ మట్టి మీదికి కనబడాలె,
దాని కింద నుంచి ఏడాకుల కొమ్మ లేస్తే తుంచెయ్యాలె.
ఐలయ్య ఇంకో ముక్క గూడ చెప్పిండు, యాదికి లేదు.

చలికాలం చిగుర్లకు పేనుబంక పట్టింది.
"మిర్చి, ఎల్లిగడ్డ నూరి పిచికారి కొట్టు" అన్నది ఆపా.
నవ్వొచ్చింది.
పొద్దుమీకి ఇంటికొచ్చి
చెట్టు మీద నా కొంగు దులిపిన.
బంక చచ్చిందో, తుమ్మి తుమ్మి పారిపోయిందో!
రెండు ఆకులు మాత్రం మాడినయి.

నూనె రాసినా పెరుగు రాసినా
నా చేతుల మంట తెల్లారేదాక ఉంటది.
కండ్లు ముట్టుకోను.
మొగ్గలను గూడ ముట్టుకోలే.
దూరం నుంచే లెక్కపెట్టిన,
తొమ్మిది.

శివరాత్రికి ముందు బేస్తారం నాడు విచ్చింది.
పసుపు.
తెల్లారి చూస్తే నారింజ తొక్క.
మూడోనాడు అంచులకు ఎరుపు పాకింది,
పక్క మొగ్గ ఇంకా పసుపే.
ఐదోనాడు ముందు విచ్చిన పువ్వు
ఉతికి ఉతికి వెలిసిన రైక తీరు.
"ఒక్క చెట్టేనా ఇది, నాలుగా?" అన్నది ఆపా
గోడ మీదికెల్లి మెడ సాచి.

అలవాటున చెయ్యి లేచింది
వెలిసినదాన్ని ఏరి పక్కకు పెడ్దామని.
గుత్తి దాక పోయి ఆగింది.
ఇక్కడ కాంటా లేదు,
గుప్పిట్ల పోసుకొని
మొఖం చిట్లించే ఖరీదుదారు లేడు.
పసుపు పక్కన ఎరుపు, ఎరుపు పక్కన తాలు,
ఒక్క కాడ నీళ్లే తాగుతున్నయి.

అప్పుడు యాదికొచ్చింది ఐలయ్య చెప్పిన మూడో ముక్క:
వాడిన గుత్తిని కోస్తెనే మళ్ల పూస్తదని.
కత్తెర తెచ్చిన.
కోస్త. ఎందుకు కొయ్య?
రేకులు వాటంతట అవి రాలినంక.

రేపు జెండా పాట ఎంతకు లేస్తదో.
తీసిన తాలుకు మా మేస్త్రి ఏం లెక్క గడుతడో.
డబ్బాల తాలు
ఇంకా కాడకే ఉన్నది.