నాలుగింటిలో ఒకటే మెలకువ

ఆగస్టు. ఇక్కడ దీన్నే వసంతం అంటారు.
మటౌరా నది దాటి వచ్చే దక్షిణపు గాలికి
షెడ్డు రేకులు పళ్ళు నూరుతున్నాయి.
తెల్లవారుజాము మూడున్నర.
ముప్పై ఒక్క ఏళ్ళుగా దూడలకి పాలు పడుతున్నాను,
అయినా ఏటా ఈ చేతులు కొత్తగా పగులుతాయి.

"నైరీ, దీనికి నాలుగు పొట్టలుంటాయిగా," అన్నాడు కాహు,
పనిలో చేరి రెండు రోజులు,
"ఎంత తాగుతుందో మరి!"
నాలుగూ ఉన్నాయిరా. మేలుకున్నది ఒక్కటే.
మిగతా మూడూ మడతపెట్టిన చలికోట్లు.
మెడ చాచి, రబ్బరు చన్ను పట్టి చప్పరిస్తే
గొంతు దిగువన చిన్న కాలువ
తనంతట తానే గట్లు కలుపుకుని
నిద్రపోయే గదుల పక్కనుంచి
పాలని చప్పుడు లేకుండా దాటిస్తుంది.
తొందరపడ్డావో, గట్లు విడిపోతాయి.
దారి తప్పిన పాలు పులిసి కూర్చుంటాయి.
కొంచెం ఎత్తి పట్టు. ఇంకొంచెం.
ఆ. అదీ.

ముర్రుపాలని రంగు చూసి నమ్మను.
చుక్క గాజు మీద వేసి దీపానికేసి చూస్తాను,
గీత ఇరవై రెండు దాటాలి.
దాటకపోతే ఫ్రీజర్లో నిరుటి సీసాలున్నాయి,
వాటి మీద నా చేతిరాతతో ఆవుల నంబర్లు.
అందులో ఒకావు ఇప్పుడు లేదు.
పాలున్నాయి.

పేగు గోడకి తలుపులు ఒక్కరోజే.
పుట్టిన గంటకి బార్లా,
రాత్రికి ఓరవాకిలి,
మర్నాడు ఎంత తట్టినా తియ్యరు.
కడుపులో ఉండగా ఏ కవచమూ ఇవ్వలేని తల్లి
ఇవ్వాల్సిందంతా ఆ ఒక్కరోజు పాలల్లోనే మూటగడుతుంది.

ఏడో రోజు రెండువందల పన్నెండు లేవలేదు.
ముందు వాసన చెప్పింది, తర్వాత తోక.
మెడ మీద తోలు చిటికెతో లాగి వదిలాను,
ఒకటి, రెండు, మూడు, నాలుగు,
ఇంకా గుడారంలా నిలబడే ఉంది.
కళ్ళు గుంటల్లోకి వెనక్కి నడిచిపోయాయి.
ఉప్పుల పొడి గోరువెచ్చని నీళ్ళలో రెండు లీటర్లు.
మధ్యాహ్నం మళ్ళీ. రాత్రి మళ్ళీ.
"పాలు ఆపెయ్," అన్నాడు ముసలాయన గ్రేమ్,
వాళ్ళ కాలంలో అదే వైద్యం.
ఆపలేదు, పాలపూటకి పాలే ఇచ్చాను.
పారుతున్నదాన్ని పస్తు పెడితే
ఆగిపోయేది పారుడు కాదు, దూడ.

పాలు పడుతుంటే కాహు ఇంకోటి అడిగాడు,
అడగకపోతే బాగుండును.
"గురువారం లారీ ఎక్కే మగదూడలకి కూడా
ఇవేనా ముర్రుపాలు?"
ఇవే.
అదే కొలత, అదే వెచ్చదనం.
బొడ్డు ఎండిందో లేదో తడిమి చూస్తాను,
కాళ్ళ మీద గట్టిగా నిలబడుతోందా చూస్తాను.
ఉన్న నాలుగు రోజులూ కడుపు నిండుగా ఉండాలి.
అంతకు మించిన న్యాయం
నా బకెట్లో లేదు.
లారీ వెళ్ళాక వాటి కింది గడ్డి నేనే ఎత్తుతాను.
కాహుని ఎత్తనివ్వను.

నాలుగో వారానికి
రెండువందల పన్నెండు దాణాతొట్టిలో ముక్కు పెట్టి తుమ్మింది.
గింజలు లోపల పులిస్తేనే
పెద్దపొట్ట గోడకి సన్నటి వేళ్ళు మొలుస్తాయి.
ఒకసారి పశువుల డాక్టరు కోసి చూపించింది,
తడి తువ్వాలులా ఉంది.
అప్పట్నుంచీ గుప్పెడు దాణాని
గుప్పెడు దాణాలా చూడలేకపోయాను.

నిన్న రాత్రి దీపం ఆర్పి వస్తుంటే ఒక చప్పుడు.
దాని దవడ పక్కకి కదులుతోంది.
నోట్లో నేనేమీ పెట్టలేదు.

నెమరు.

పుట్టి నెల నిండలేదు,
నెమరు వేసుకోడానికి దీనికి ఏముందని?
నాలుగు గింజలు, గడ్డిపోచ,
ఉప్పునీళ్ళు,
గొంతు పట్టుకుని నిమిరిన ఈ పగుళ్ళ చెయ్యి.

కాహుని లేపుదామనుకున్నాను. లేపలేదు.
బకెట్లు కడగాలి.
ముందు గోరువెచ్చని నీళ్ళు, తర్వాతే వేడివి.
లేకపోతే పాలు అంటుకుపోతాయి,
ఎంత తోమినా వదలవు.