ప్రణాళీ, ఇది నీకే

అట్ట ఊడింది, పేరు అడగకు.
బల్లార్షా స్టేషన్ల బెంచీ కింద దొరికింది.
మరాఠీ బడి పిల్లవి,
తెలుగు కూడబలుక్కుంటవని తెలుసు;
ఒత్తులు గట్టిగున్న చోట
పెన్సిల్‌తో దేవనాగరిల రాసిపెట్టిన.

మొదటి ముప్పై పేజీలు ఓపిక పట్టాలె.
రాజ్యాలు, వంశాలు, ఎవరికెవరు మేనమామనో.
దాటేసినా పాపం లేదు.
అప్పుడొస్తడు వాడు,
నీడ లేని పడవోడు.
ఆ పిల్ల తన నీడ సగం చింపి వానికిస్తది చూడు,
అక్కడ నేను అన్నం మాడబెట్టిన.
అమ్మ తిట్లు ఇప్పటికీ ఆ పేజీలనే ఉన్నయి.

నూట నలభై రెండు రాత్రిపూట చదవకు.
మిల్లు సైరన్ కూసింది,
నేను కోట తలుపే తెరిచిండ్రనుకున్న.
బాపు టిఫిన్ డబ్బా పట్టుకుని
మూడో షిఫ్టుకు పోతుండె.

ముద్దు ఒక్కటే.
అది గూడ కామా దగ్గర ఆగుతది.
"గింతేనా" అన్నది శర్వరి.
నాకు ఆ కామానే నచ్చింది.

ఆఖరి పేజీ లేదు.
నేను చింపలే, ఒట్టు.
వాళ్ళు కలిసిండ్రా అని
మూడు తీర్ల అనుకుని పండుకున్న.
నాలుగోది నువ్వు చెప్పు,
శనివారం, రాజురా బస్సు వచ్చేలోపల.
మడతలు పెట్టకు.