నాలుగో ప్లగ్గు

ఆదివారం, పొద్దున ఆరున్నర.
హబ్సిగూడలో మా అపార్టుమెంటు సెల్లారు.
ఇంజను రాత్రంతా చల్లారింది.
వేడి మీద ముట్టుకుంటే మర ఊడి చేతికొస్తుందని
జహంగీర్ భాయ్ చెప్పి పదకొండేళ్లు.

దగ్గు మొదట విన్నది హైమ.
మన్ననూరు దాటి అడవిలోకి దిగాక
వెనక సీటులోంచి తన హెల్మెట్‌ని నా హెల్మెట్‌కి ఆనించి
"బండికి ఒక పన్ను కదులుతోంది" అంది.
గాలి అన్నాను.
దోమలపెంటలో టీ తాగుతూ మళ్లీ అంది.
మళ్లీ గాలే అన్నాను.

ఇప్పుడు సీటు తీసి, పైపులు విప్పి
ట్యాంకుని పాత జంపఖానా మీద దించాను.
ఏ బోల్టు ఎక్కడిదో మరిచిపోకుండా
ఇడ్లీ రేకుల్లో గుంటకొకటి.
హైమకి ఇంకా తెలీదు.

నాలుగు సిలిండర్లు, నాలుగు సన్నని బావులు.
విప్పకముందే ఊదాలి, విప్పాక ఊదితే అంతా లోపలికే.
సైకిలు పంపు కొడితే లేచింది
మెట్రో స్తంభాల కింది బూడిద,
నల్లమల ఎర్రమట్టి, ఎండిన తూనీగ రెక్క ఒకటి.

పోచమల్లు ఫోను లైటు పట్టుకున్నాడు.
పాలమూరు నుంచి ఈ బిల్డింగు కట్టడానికి వచ్చి
కట్టడం అయిపోయాక కాపలాకి మిగిలినవాడు.
"బాయిల ఏమన్న పడితె ఎట్ల సార్?"
ఆ మాట ఇప్పుడు అనకు అన్నాను.

మొదటి ప్లగ్గు డికాక్షన్ రంగు.
రెండోదీ అంతే.
మూడోది కాస్త లేత, ఉస్మానియా బిస్కెట్ అంచులా.
నాలుగోది మసి.
తడి మసి, వేలికి అంటుకుని వదలని మసి.
ఎన్నాళ్లుగానో ఇది మండకుండా ఊరికే తిరుగుతోంది.
మిగతా మూడే దాని బరువూ మోసుకుని
మా ఇద్దర్నీ, రెండు పెట్టెల సామానునీ
శ్రీశైలం ఎక్కించి దింపాయి,
నేను గాలి అంటూ ఉండగా.

కొత్తవి పుత్లీబౌలీలో కొన్నాను.
"అసలుదా, అసలులాంటిదా?" అన్నాడు కొట్టతను.
డబ్బా రెండిటికీ ఒకటే.

గేజి బ్లేడు కొన సందులోంచి రాసుకుంటూ పోవాలి,
ఇరుక్కోకూడదు, వదులుగా జారకూడదు.
ఆ కాస్త ఖాళీ లేకపోతే నిప్పు దూకదట.
దీన్ని కాపురానికి అన్వయించి హైమకి చెబుదామనుకుని
ఇడ్లీ రేకులు గుర్తొచ్చి ఊరుకున్నాను.

ముషీరాబాద్‌లో భాయ్ షెడ్డు ఇప్పుడు
మొబైల్ కవర్ల దుకాణం.
నాకు మిగిలింది జానెడు పెట్రోలు పైపు ముక్క.
"రెంచ్ నక్కో బేటా, ముందు దీంతోనే తిప్పు.
మర తప్పితే పైపు జారిపోతది.
చేతికి అకడ్ ఉంటది, పైపుకి ఉండదు."

ప్లగ్గు తలకి పైపు తొడిగి దించాను.
మూడు నెమ్మదిగా కూర్చున్నాయి.
నాలుగో బావిలో రెండుసార్లు జారింది.
జారనిచ్చాను.
వెనక్కి తిప్పుతూ, తిప్పుతూ,
చెమట లోపల పడకుండా మెడ పక్కకి వాల్చి,
టక్.
మర మరలోకి దిగింది.
ఆ తర్వాతే రెంచి, అర చుట్టు, అంతే.

అన్నీ ఎక్కించి బటన్ నొక్కాను.
గొంతు సవరించుకోకుండా మాట్లాడింది బండి.
మెట్ల మలుపులో హైమ, చేతిలో చాట,
తల కాస్త వంచి వింటోంది.
"గాలి కాదు" అన్నాను.
ఆమె ఏమీ అనకుండా పైకి వెళ్లింది.

పాతవి పారేద్దామంటే
పోచమల్లు నాలుగోదాన్ని లుంగీకి తుడుచుకున్నాడు.
దాని మెడకి దారం కట్టి
సెల్లారు గోడ పక్కన వేలాడదీశాడు.
అది ఊగింది, ఊగింది, నిలిచింది.
పైన దారం గోడని తాకుతోంది,
కింద బొటనవేలు పట్టేంత సందు.

"వంకరున్నది సార్" అన్నాడు నెమ్మదిగా.
"కట్టేటప్పుడే జెప్పిన. మేస్త్రి ఇనలే."

ఇద్దరం కాసేపు ఆ దారం చూస్తూ నిలబడ్డాం.
మూడో అంతస్తు నుంచి అప్పుడు వినపడింది:
"ఇడ్లీ రేకులు ఎవరైనా చూశారా?"

చూశాను.
ఒక గుంటలో
ఇంకా ఒక బోల్టు ఉంది.