రెండో తాళంచెవి

మా ఊళ్లో ప్రెసిడెంటంటే
దేశాన్ని ఏలేవాడు కాదు.
పొందూరుకి రెండు మైళ్ల అవతల
రేకుల కప్పు కింద నేతగాళ్ల సొసైటీ,
నూట పన్నెండు మగ్గాలు, ఒక ఇనప్పెట్టె.
వాటికి ప్రెసిడెంటుని నేను.
రేడియోలో ఢిల్లీ ప్రెసిడెంటు మాట వినబడితే
మావాళ్లు నాకేసి చూసి నవ్వేవారు.

అయినా చెప్తున్నాను,
కుర్చీ చిన్నదైనా వీపుకి అదే వెచ్చదనం.
సంతలో బెండకాయలు బేరం లేకుండా సంచిలో పడేవి.
నేను దగ్గితే టీ వచ్చేది.
మూడో ఏటికి
నా దగ్గు నాకే ముద్దొచ్చింది.

ఆ తుఫాను రాత్రి
మగ్గం గుంటలన్నీ నూతులయ్యాయి.
పడుగులు తడిసి పేగుల్లా వేలాడాయి.
బళ్లో తలదాచుకున్న పిల్లలు
అన్నం అని అడగడం కూడా మానేశారు.
పెట్టెలో డబ్బుంది.
బజార్లో షావుకారు బియ్యం బస్తా మీద కూర్చునున్నాడు.
నా మొలతాడుకి ఒక తాళంచెవి,
రెండోది అసిరమ్మ కొంగుముడిలో.

కుప్పిలి అసిరమ్మ.
వాలుగ చేప దవడతో పత్తి ఏకే మనిషి.
ఆ పళ్ల మధ్య నుంచి
ఒక్క నలుసు జారిపోగా నేను చూళ్లేదు.
సంతకం నేర్చింది యాభయ్యో ఏట,
కోశాధికారి అయ్యాక.

"ఇయ్యి" అన్నాను.
"కమిటీ ఏదీ?" అంది.
"తుఫాన్లో కమిటీ ఏటే, గుంటలు పస్తులున్నారు!"
"నా మనవడూ ఆ బళ్లోనే ఉన్నాడు బావూ.
తొమ్మిదిమందిలో అయిదుగురుండాల.
పుస్తకంలో అలగే రాసుంది.
రాసింది మనవే."

తిట్టాను.
ఏం తిట్టానో ఇక్కడ రాయను.
గొడ్డలి తెమ్మన్నారెవరో.
తెచ్చారు కూడా.
పిడి నా చేతికి చక్కగా అమరింది,
అది తల్చుకుంటే ఇప్పటికీ భయం.

అసిరమ్మ పెట్టెకి అడ్డం నిలబడలేదు.
గోనెసంచి నెత్తిన కప్పుకుని
వానలోకి దిగింది.
మోకాటి నీళ్లలో గుమ్మం గుమ్మం తట్టి
గున్నమ్మని లేపింది,
రామ్మూర్తిని అటక మీంచి దింపింది,
జ్వరంలో ఉన్న పోలయ్యని
మంచంతో సహా మోయించింది.
పన్నెండున్నరకి లాంతరు కింద
నాలుగు సంతకాలు, ఒక వేలిముద్ర.
తడి కాగితం మీద సిరా పాకింది.
ఒంటిగంటకి గంజి ఉడికింది.

రెండు గంటల ఆలస్యం.
ఆ రెండు గంటలూ ఏడ్చిన పిల్లల పేర్లు
నా దగ్గరింకా ఉన్నాయి.
నియమం గొప్పదని చెప్పేవాళ్లు
ఆ పేర్లు కూడా చదవాలి.

నా రెండో గడువు తీరింది.
మూడోసారీ ఉండమన్నారు.
రెండేసార్లని రాసిన పేజీ
చెద తినేసిందనుకుందాం అన్నారు.
తీసి చూస్తే నిజంగానే మూల తినేసింది.
అంకె మాత్రం మిగిలింది.
ఇంటికొచ్చి మగ్గంలో కూర్చున్నాను.
నాడె అంచు దాకా పోయి వెనక్కి తిరిగింది.
దానికెవరూ చెప్పక్కర్లేదు.
నాకు చెప్పాల్సొచ్చింది.

తర్వాత దాలయ్య వచ్చాడు.
నవ్వు మంచిది, చెయ్యి పొడుగు.
వానా లేదు, పస్తూ లేదు,
ఎర్రటి ఎండలో ఒక మధ్యాహ్నం
"అర్జెంటు" అన్నాడు.
కళ్లకి పొరలొచ్చిన అసిరమ్మ
కొంగు తడుముకుని
"కమిటీ ఏదీ?" అంది.
నాతో అన్న గొంతే,
అవే రెండు మాటలు.
అరుగు మీద కూర్చుని విన్నాను.
ఆ రాత్రి నేను గొడ్డలి ఎత్తి ఉంటే
ఈ మధ్యాహ్నానికి దాని పిడి
దాలయ్య చేతికి నున్నగా అరిగి ఉండేది.

మొన్న అసిరమ్మ పోయింది.
ముడి ఎవరికీ రాలేదు.
కొంగు చెంగు కత్తిరించి
గుడ్డతో సహా తాళంచెవిని
సొసైటీ బల్ల మీద పెట్టారు.
దాలయ్య చూశాడు. నేనూ చూశాను.
గురువారం కమిటీ కూర్చునే దాకా
దాన్నెవరూ ముట్టలేదు.