సోమవారం సున్నా

పొద్దున్నే చీపురు కింద గుప్పెడు తేనెటీగలు.
చీమలేమోనని
పెట్టె కాళ్ళకి నీళ్ళ గిన్నెలు పెట్టాను.
పుట్టలక్ష్మమ్మ గులాబీలకి మందు కొట్టిందేమోనని
రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు, పాపం.

పాల లెక్క రాసే క్యాలెండర్లోనే
చావులూ రాశాను:
ముప్పై ఒకటి, నలభై, ఇరవై ఆరు.
సోమవారాలు మాత్రం సున్నా.

ఆదివారం నీ క్యాబుకి సెలవు.
మిగతా రాత్రులు
దేవనహళ్ళి నుంచి ఆఖరి ట్రిప్పు ముగించుకొచ్చే నీకు
తాళం కప్ప కనపడాలని
వరండాలో బల్బు వెలుగుతూనే ఉంటుంది.

దాన్నే పొద్దనుకుని పనికి బయల్దేరాయి.
వాసన లేని గాజు చుట్టూ
తిరిగి తిరిగి రాలాయి.

ఈ రాత్రి స్విచ్ కట్టేశాను.
హొరమావులో ఇవాళ కరెంటు ఉంది,
మనింటికే లేదు.
గేటు తీశాక మూడో మెట్టు చూసుకో,
అంచు విరిగింది.