గుండూ బద్దా

కాశీబుగ్గలో మందుల షాపు మీద గది.
కీబోర్డులు నాలుగు, స్టాండులు మూడు;
నాలుగోది ప్లాస్టిక్ స్టూలు మీద.
ఢిల్లేశ్వరి వంతుకి ఎప్పుడూ అదే వస్తుంది.
గట్టిగా నొక్కినా, మెత్తగా తాకినా
ఒకే గొంతుతో పలికే పాత పెట్టె.

ఆరో పాఠం నేను కట్టిందే. పదహారు వరసలు.
తేజేశ్వర్ నిమిషం లోపే ముగించేస్తాడు,
పూండి, నౌపడ లెక్కచెయ్యని ఎక్స్‌ప్రెస్‌లాగ.
ఒక్క తప్పుండదు.
దిగి కాసేపు నిలబడ్డానికి చోటూ ఉండదు.

ఈ గుంట అలాక్కాదు.
మూడో వరసలో వేలు జారితే
నాలిక కరుచుకుని మళ్లీ మొదటికి.
మళ్లీ జారితే మళ్లీ మొదటికి.
నెల్లాళ్లయినా ఆ పాఠానికి
నాలుగో వరసుందని దానికి తెలీదు.

"వెనక్కెళ్లకే" అన్నాను.
స్కేలుతో బల్ల మీద తాళం కొట్టాను.
అరిచాను కూడా, అబద్ధమెందుకు.

నిన్న సాయంత్రం ఏమీ తోచక
దాని వేళ్లకేసి చూశాను.
గోళ్ల చుట్టూ నల్లటి జీడి మరక.
"ఏటే ఇది?"
"సెలవులు కదండీ, అమ్మతోటి పిక్కలు కొడతన్నాను."
"పప్పు పగల్కుండా ఎలా కొడతావు?"
ఊరికే అడిగాను, మాట కోసం.

నవ్వింది.
"పగల్కుండా ఎలగుంటాది మాస్టారూ!
గుండైతే గుండుల్లోకి, పగిల్తే బద్దల్లోకి.
ఇంకో పిక్క అందుకోడమే.
పగిలిందాని దగ్గరే కూకుంటే
కేజీలవుతాయేటి?"

అనేసి, తనే ఆగిపోయింది.
పాత పెట్టెకేసి
ఇప్పుడే ఎవరో తెచ్చి పెట్టినట్టు చూసింది.

మొదలెట్టింది.
మూడో వరసలో వేలు జారింది.
పెదవులు కదిలాయి: "బద్ద."
నాలుగో వరస వచ్చేసింది,
కొత్త కోడలిలా, కొంచెం తడబడుతూ.

తొమ్మిదో వరసలో గూడ్సు బండి.
కిటికీ ఊచలు, స్టూలు, నా చేతిలో టీ గ్లాసు
అన్నీ దాని తాళంలోకే పోయాయి.
ఢిల్లేశ్వరి వేలెత్తి, అలాగే గాల్లో ఉంచింది.
ఎన్ని వేగన్లో!
గది మొత్తం ఆ వేలి కిందే.

చివరి పెట్టె దాటాక
మెల్లగా దించింది.
ఎంత నొక్కినా మారని గొంతే అది, నాకు తెలుసు.
అయినా అది వేరేలా వినపడింది.
కీబోర్డు మారలేదు; ముందున్న నిశ్శబ్దం మారింది.

పన్నెండో వరసలో మరో రెండు బద్దలు.
లెక్కపెట్టడం మానేశాను.

తేజేశ్వర్ ఫోను బోర్లించాడు.
"మాస్టారూ, అక్కడ ఆగమని
పుస్తకంలో ఉందేటి?"

లేదు.
పెన్సిలెక్కడ పెట్టానో.