ఇన్‌వాయిస్ నంబరు నూటపదిహేడు

కాటాలు బాగుచేస్తాను.
మిర్చి యార్డులో, చుట్టుగుంట కోల్డ్ స్టోరేజీల్లో,
పట్నంబజారు కొట్లలో,
అంకెలు వణికే చోటల్లా నా స్క్రూడ్రైవరు ఉంటుంది.

పదేళ్లపాటు నా బిల్లంటే
సిగరెట్ పెట్టె అట్ట, వెనకవైపు.
లోడ్‌సెల్ ఇంత, కూలి ఇంత,
కింద ఓ గీత. ఆ గీతే సంతకం.
సగం అట్టలు చొక్కా జేబులోనే ఉతుక్కుపోయేవి.
ఇచ్చేవాళ్లు ఇచ్చేవారు.
ఇవ్వనివాళ్ల కొట్టు ముందు
బండి కొంచెం మెల్లగా పోనిచ్చేవాణ్ణి, అంతే.

నిరుడు మా అక్క కూతురు హిమజ
బ్రోడీపేట నాలుగో లైన్లో దోసె తింటూ
చట్నీ అంటని చిటికెనవేలితో
నా ఫోన్లో యాప్ ఎక్కించింది.
"వ్యాపారం పేరు చెప్పు మావయ్యా."
నాకుంది గానీ వ్యాపారానికి పేరెక్కడిది?
'సమతూకం సర్వీసెస్' అని తనే కొట్టేసింది.
పైన త్రాసు బొమ్మ.
నేను త్రాసులు ముట్టుకోనే, అంటే
"నీ కాటా బొమ్మ పెడితే క్యాలిక్యులేటర్ అనుకుంటారు" అంది.

అప్పట్నుంచి
నేను పడుకున్నాక కూడా నా బిల్లులు తిరుగుతున్నాయి.
పంపాం. చేరింది. చూశారు.
ఎవరు ఎన్నింటికి చూశారో కూడా
పిట్టగోడ మీంచి చాడీ చెప్పినట్టు చెబుతుంది.
గడువు దాటిన పేరు ఎర్రబడుతుంది.
నా నోటికి ఏనాడూ రాని మాట
నా తరఫున, వారానికోసారి, మర్యాదగా అడుగుతుంది:
"మీ చెల్లింపు పెండింగులో ఉంది. దయచేసి గమనించగలరు."
నాకు మొహమాటం. దానికి లేదు.
వసూళ్లు పెరిగాయి, అబద్ధమెందుకు.

నూర్‌బాషా కరీముల్లా, పసుపుకొమ్ముల కొట్టు, లాలాపేట.
ఇన్‌వాయిస్ నూటపదిహేడు. ఎనిమిదొందల యాభై.
ఏడు రిమైండర్లు.
ఏడూ చూశారు. ఒకటి అర్ధరాత్రి రెండింటికి,
ఒకటి తెల్లారగట్ల.
అన్నిసార్లు చూసిన మనిషి ఒక్కసారైనా ఉలకడేమిటని
నిన్న అటు పనుండి ఆగాను.

గల్లాపెట్టె దగ్గర ఖాసింబీ గారు.
ఒళ్లో ఆయన ఫోను,
పగిలిన మూలకి అతికించిన టేపుతో సహా.
"నలభయ్యో రోజు ఫాతెహా కూడా అయిపోయింది బాబూ.
బ్యాంకులోళ్లు, లోన్లోళ్లు, అందరూ ఇంగ్లీషులోనే కొడతారు.
తెలుగులో రాసింది నువ్వొక్కడివే.
గమనించమన్నావుగా. గమనిస్తానే ఉన్నా."

నాకు నోట మాట లేదు.
ఆవిడ గల్లా తెరవలేదు, కోప్పడనూ లేదు.
షట్టరు లోపలివైపు చూపించారు.
సుద్దముక్కతో, ఆయన రాత:
'కాటా అబ్బాయికి 850 ఇచ్చా. టీ తాగలా. తొందరంట.'
కింద తేదీ.

గుర్తొచ్చింది.
వాన మొదలవుతోంది, నోట్లు మడిచి
హెల్మెట్ లోపల దోపుకున్నాను.
యాప్‌లో కొట్టడం మర్చిపోయాను.

బయటికొచ్చి బండి మీద కూలబడి ఫోను తీశాను.
'చెల్లించారు', 'రద్దు', 'రాని బాకీ'.
మూడే ఉన్నాయి నొక్కడానికి.
మొదటిది నొక్కాను. ఎరుపు పచ్చబడింది.
పచ్చబడిందో లేదో అడిగింది:
"కస్టమరుకు ధన్యవాదాలు పంపాలా?"

వేలు అక్కడే ఆగిపోయింది.
లోపల ఖాసింబీ గారు ఎవరికో పావుకిలో తూస్తున్నారు.
పొట్లం తీసేశాక
అంకెలు కాసేపు తడుముకుని
ఐదు గ్రాముల దగ్గర నిలబడిపోయాయి.
పళ్లెం మీద ఏమీ లేదు. సున్నాకి రాలేదు.

స్క్రూడ్రైవరు తీసుకుని లోపలికెళ్లాను.
పెద్ద జబ్బేం కాదు,
పళ్లెం కింద పసుపుకొమ్ము ముక్కొకటి ఇరుక్కుంది.
టీ పెట్టనా అన్నారు.
తొందరేం లేదన్నాను.